రాగికి రాగే

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సారపాక ఎండలకు నా డీటీపీ సెంటర్‌లో కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోంది. అందుకే నువ్వు లారీ రేడియేటర్లు బాగుచేసిన షెడ్డులో మిగిలిన రాగి రేడియేటర్‌తో దానికి నీళ్ల కూలింగ్ అమర్చాను. ప్రాసెసర్ మీద పెట్టే బిళ్ల అల్యూమినియందైతే చవకన్నాడు ఖమ్మం షాపాయన. వద్దన్నాను.

"రెండూ ఒకే నీళ్లల్ల ఉంటే రాగి అల్యూమినియాన్ని తినేస్తది" అని పనివాళ్లకు చెప్పేవాడివి. నాతో మాత్రం, "ఆడపిల్లకు ఈ పనేంది? బయటికి పో" అనేవాడివి.

పోయాను, గుమ్మం దాకా. అక్కడే నిలబడి అన్నీ విన్నాను.

రాగి బిళ్ల కోసింది నేనే, టంకం పెట్టింది నేనే. ఈ రోజు మిట్టమధ్యాహ్నం కూడా కంప్యూటర్ ఆగలేదు, చుక్క నీరు కారలేదు.

ఈ ఉత్తరం షెడ్డు లోపల, నీ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను.