దుబాసీ విన్న పాట

నార్మన్ బావకు,

ఏటా పట్టిక మధ్యలోనే చతికిలబడే మన ఫుట్‌బాల్ క్లబ్బును ఆ విదేశీ యువరాజు కొన్నాడా అని అడిగావు. చలికాలమంతా పబ్బులో అదే వాదన.

"పత్రికలవాళ్లని జైల్లో తోసేవాడి డబ్బు మనకెందుకురా?" అన్నాడు క్లిఫర్డ్.

"గోల్ కొట్టేవాణ్ణి కొంటాడా లేదా, అది చెప్పు," అన్నాడు నెవిల్.

చివరికి అందరం మనస్సాక్షిని ఇంట్లో పెట్టి తాళమేసి, ఆయన ఆట చూడ్డానికొచ్చిన రోజు స్వాగతం పలకడానికి వెళ్లాం. మనవాళ్లు ఎదుటి జట్టుకు మూడు గోల్స్ ఇచ్చేసరికి, ఓడేటప్పుడు పాడే పాట అలవాటుగా అందుకున్నాం: "మేం చెత్త, ఆ సంగతి మాకూ తెలుసు."

యువరాజు పక్కనున్న దుబాసీ దాన్ని ఆయన భాషలో పొల్లుపోకుండా చెప్పాడట. ఆయన విరామానికే కారెక్కేశాడు, బేరం అక్కడితో సరి.

నీతి కోసమే వద్దన్నామని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటోంది. నువ్వూ అదే చెప్పు. వచ్చే నెల క్లబ్బును బేరమాడ్డానికి ఇంకో రాజు వస్తున్నాడు. పాటలో మాటలు మారుస్తున్నది క్లిఫర్డే.

నీ బావమరిది