కారణం రాయని గడి

కల్లూరు, కర్నూలు
8 సెప్టెంబరు 2024

నాయనా,

నీ బిడ్డ దీవెన వందనాలు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. నేను ఫోన్‌లో అరిస్తే ఇక్కడ హాస్టల్‌లో పక్క గదిలో ఉండే అంజలికి వినిపిస్తుంది, నీకు తప్ప. ఇప్పుడు చెప్పబోయేది అరిచి చెప్పే సంగతి కాదు.

నా ఉద్యోగం గురించి నీకు సగమే చెప్పాను. కంప్యూటర్‌లో లెక్కలు అన్నాను కదా, ఆ లెక్కలు చావులవి. రెండు జిల్లాల్లో కొన్ని ఊళ్లను చీటీలు తీసి ఎంచుకున్నారు. గత ఇరవై ఏళ్లలో ఎవరు ఏ వయసులో, దేనివల్ల చనిపోయారో ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాం. ఎన్ని రోజులు జ్వరం, ఆయాసం ఉందా, ఎన్నో రోజు ఆసుపత్రికి తీసుకుపోయారు, ఆ నిర్ణయం ఎవరిది, ఇలా నాలుగు పేజీల ఫారం. మేము రాసుకొచ్చింది ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం తేలుస్తారు. పాత చావుల గురించి ఇంటివాళ్లు చెప్పేది పూర్తిగా నమ్మవద్దని శిక్షణలోనే చెప్పారు. మనుషులు అబద్ధమాడతారని కాదు, ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకమే మారిపోతుందట. అందుకే చర్చిల్లో ఉండే సమాధుల పుస్తకాలు కూడా చూస్తున్నాం.

మొన్న తీసిన చీటీల్లో మన ఊరు వచ్చింది. ఊళ్లో ఎంచుకున్న ఇళ్లలో మన ఇల్లూ ఉంది.

సొంత ఇంటికి సొంత మనిషి పోకూడదని నియమం. నా బదులు ప్రవీణ్ వస్తాడు, నాతో పనిచేస్తాడు, నెమ్మదైనవాడు. అమ్మ గురించి అడుగుతాడు. సంఘపెద్ద లేవిగా కాకుండా రాహేలమ్మ మొగుడిగా జవాబు చెప్పు. సమాధుల పుస్తకం నీ దగ్గరే ఉంటుంది కాబట్టి అదీ చూపించు.

ఇక అసలు సంగతి. నాయనా, నువ్వంటే నాకు కోపం. పదిహేడేళ్లుగా కోపం. శుక్రవారం అమ్మకు జ్వరమొస్తే నువ్వు ఆసుపత్రికి తీసుకుపోకుండా మూడు దినాల ఉపవాస ప్రార్థన పెట్టించావు. ఆదివారం ఆరాధన ముగిసేలోగా అమ్మ పోయింది. ప్రభువు పిలుచుకున్నాడని వచ్చినవాళ్లందరికీ చెప్పావు. నాకూ అదే చెప్పావు.

నీ మీద కోపమొక్కటే అయితే ఎలాగో మోసేదాన్ని. శనివారం మధ్యాహ్నం అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "కంబన్నను పిల్చుకరా పాపా, ఆటో తీసుకోని రమ్మను, నాకు శానా ఆయాసంగా ఉండాది" అంది. నేను పోలేదు. గడప దగ్గర ఆగిపోయి అక్కడే కూచున్నాను. ఎందుకు ఆగానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. నీ ప్రార్థన చూసి భయపడ్డానేమో, పదేళ్ల పిల్లకు బద్ధకమో. ఊళ్లూళ్లూ తిరిగి, "ఆ నిర్ణయం ఎవరిది?" అని అడిగినప్పుడల్లా నాకు ఆ గడపే కనిపిస్తుంది. ఇంతవరకు ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈసారి సమాధుల పండుగకు నేను రాను. ఏటా నవంబరు రెండున అమ్మ సమాధికి సున్నం పూసి, నీ పక్కన నిలబడి పాట పాడుతూ కోపం మింగుకోవడం ఇక నా వల్ల కాదు. మాత్రలు వేళకు వేసుకో.

నీ
దీవెన

*

కల్లూరు
29 సెప్టెంబరు 2024

నాయనా,

వందనాలు. ప్రవీణ్ తిరిగొచ్చాడు. నువ్వు పెట్టిన రాగిసంగటి, చెనగపప్పు గురించి ఆఫీసంతా చెప్పాడు. మన ఇంటి ఫారం మాత్రం ఖాళీగా తెచ్చాడు. "ఆ సంగతి ముందు నీకు చెప్పేది కాదప్పా, నా బిడ్డకు చెప్పాల" అన్నావట. వినగానే ఒళ్లు మండింది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా నా పక్కన కూచొని ఉప్మా తింటూ పదిహేడేళ్లు చెప్పలేనివాడివి ఇప్పుడు చెబుతావా అనుకున్నాను. అదే కోపంలో, వాడు ఫోటోలు తీసుకొచ్చిన సమాధుల పుస్తకం తెరిచాను.

నువ్వు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి అమ్మకు ముందు దాకా డెబ్బై ఒక్క పేర్లు. కారణం గడిలో డెబ్బై ఒక్కసారీ "ప్రభువు పిలిచెను." పసిబిడ్డకూ అదే, ముసలాయనకూ అదే. పాము కరిచి పోయినవాడికీ అదే. ఇలాంటి పుస్తకం మాకు ఎందుకూ పనికిరాదు. తర్వాత అమ్మ వరుస వచ్చింది. పేరుంది, వయసుంది, తేదీ ఉంది. కారణం గడి ఖాళీ.

ఆ తర్వాత యాభై ఎనిమిది పేర్లు. ఇది రాసింది నువ్వేనా అని చేతిరాత మళ్లీ చూసుకున్నాను. "లాజరు, 46. రాయి పాలిష్ పని. దగ్గు రెండు సంవత్సరములు. నెత్తురు పడినది ఆరు దినములు. అయిదవ దినము ఆసుపత్రి. ఆలస్యము." ఒక్కో మనిషికి ఇంత రాశావు. ఎవరూ నేర్పకుండా మా నాలుగు పేజీల ఫారాన్ని రెండు వరుసల్లో పెట్టావు.

వాటిని కంప్యూటర్‌లో ఎక్కించాను. 2008లో మన ఊళ్లో జబ్బుపడి పోయినవాళ్లు ఆసుపత్రికి చేరడానికి పట్టింది సగటున అయిదు రోజులు. 2015కల్లా రెండు. ఈ మధ్య అదే రోజు, లేదంటే మర్నాడు. కరోనా ఏడాది వదిలేస్తే, 2016 తర్వాత యాభైలోపు మనిషి జ్వరంతో పోవడం మన ఊళ్లో ఒక్కటి కూడా లేదు. పక్క ఊళ్లలో అలా లేదు. మన దగ్గర ఎందుకిలా ఉందో మా మేడంకు అర్థం కాలేదు.

అప్పుడు ప్రవీణ్ తన నోట్‌బుక్ తీసి, మన ఊరి ఆశా కార్యకర్త ఏసుమణి చెప్పిన మాట చదివాడు. "ఎవురింట్లో జరమొచ్చినా లేవన్న వచ్చి కుర్చీ ఏసుకోని కూచుంటాడు సార్. ఆటో ఎక్కేదాకా లేయడు. పొలానికి పోతామంటే యాడికి పోతాండావు, ముందు ఆసుపత్రికి పా అంటాడు. ఈ మనిషి పోరు పడలేక అందరూ ఎక్కుతారు." ఆఫీసులో అందరూ నవ్వారు. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

నాకు ఇవేవీ ఎందుకు చెప్పలేదు? ఇంతమందిని ఆటో ఎక్కించినవాడివి, అమ్మను ఎందుకు ఎక్కించలేదు? ఆ గడి ఎందుకు ఖాళీగా వదిలేశావు? కోపం పోలేదు నాయనా. కానీ దాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. జవాబు రాయి.

దీవెన

*

24 అక్టోబరు 2024

నా బిడ్డ దీవెనకు తండ్రి లేవి ఆశీర్వాదాలు.

నీ రెండు ఉత్తరాలూ అందినాయి. జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది. రాసి చించినవి శానా ఉన్నాయి. నువ్వు అడిగినట్టే నీ తల్లి మొగుడిగా రాస్తాను.

మీ అమ్మకు జ్వరం రాకముందు నెలలోనే నేను గుడిలో నిలబడి, నమ్మినవానికి మందు అవసరం లేదని సాక్ష్యం చెప్పి ఉంటిని. అందరూ ఆమేన్ అన్నారు. శుక్రవారం మీ అమ్మ పడుకుంది. నేను ఆసుపత్రికి పరుగెత్తితే లేవి మాట ఏమైందని నవ్వుతారని భయపడ్డాను. దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను. అది పరువు బిడ్డా. మీ అమ్మను ఆపమని దేవుడు నాకు చెప్పలేదు. దేవుని మీద పెట్టి నేనే ఆపితిని.

ఇప్పుడు నీ సంగతి. గడప దగ్గర ఆగిపోయానని రాసినావు. రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివితిని. అట్ల జరగలేదు. నువ్వు చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో పరుగెత్తి పోయినావు. కంబన్నను భోజనం మధ్యలో లేపి, ఆటోలో ఆయన పక్కన కూచొని వచ్చినావు. ఆటో మన వీధిలోకి వచ్చింది. నేను ఎదురుపోయి నిలిపితిని. "ప్రార్థన జరుగుతాండాది కంబన్నా, రేపు ఆరాధన అయినాక పోతాం" అని చెప్పి తిప్పి పంపితిని. నిన్ను రెక్క పట్టుకొని దించి, గడప దగ్గర కూచోబెట్టి, "ఈడే ఉండు, యాడికీ పోవద్దు" అంటిని. సాయంత్రం దాకా నువ్వు ఆడనే కూచున్నావు. అందుకే నీకు గడపే గుర్తుంది. జ్ఞాపకం మారిపోతుందని నువ్వే రాస్తివి కదా.

నేను చెప్పేది కూడా ఒట్టిగా నమ్మవద్దు. కంబన్నను అడుగు. ఈ పదిహేడేళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా ఆయన ఆటోనే పిలిచినాను. ఒక్క పొద్దు ఆలస్యం చేయలేదు, ఒక్కసారీ ఆ శనివారం మాట ఎత్తలేదు. నువ్వు ఆ దినాన్ని పూర్తిగా మరిచినావని అనుకున్నాను. మరవడమే మేలని నోరు మూసుకున్నాను. నీ తప్పని నువ్వు మోస్తున్నావని నాకు తెలియదు. తెలిసి ఉంటే అప్పుడే చెప్పి ఉందును అని రాయాలని ఉంది. చెప్పి ఉందునో లేదో నాకే తెలియదు.

మీ అమ్మను మన్ను చేసి వచ్చిన మర్నాడు పుస్తకం తెరిచితిని. ప్రభువు పిలిచెను అని రాయబోతే చెయ్యి రాలేదు. నిజం రాసే ధైర్యం లేదు. అందుకని గడి వదిలేసితిని. ఆ తర్వాత పోయినవాళ్లకు కూడా ఆ మాట రాయలేకపోయినాను. ఏమి జరిగిందో అడిగి రాయడం మొదలుపెట్టితిని. రాస్తాంటే ఆలస్యం, ఆలస్యం అనే వచ్చేది. అందుకే పోయి కూచోవడం మొదలుపెట్టినాను.

పోయిన వారం ఆ గడి నింపినాను. చూసి రాస్తున్నాను.

"రాహేలమ్మ, 32. జ్వరము, ఆయాసము, మూడు దినములు. రెండవ దినము ఆసుపత్రికి పోవలెనని అడిగెను. కూతురు దీవెన, పది సంవత్సరములది, ఆటో తెచ్చెను. భర్త లేవి దానిని వెనుకకు పంపెను."

ఆదివారం ఆరాధనలో, సాక్ష్యం చెప్పిన చోటే నిలబడి దీన్ని చదివితిని. ఎవరూ ఆమేన్ అనలేదు. నేను ఇక సంఘపెద్దగా ఉండనని పుస్తకం బల్ల మీద పెట్టితిని. పాస్టరు అయ్యగారు తీసుకోలేదు, ఇంకెవరూ తీసుకోలేదు. చివరికి ఏసుమణి తెచ్చి మన ఇంట్లో ఇచ్చి పోయింది.

ప్రవీణ్‌ను మళ్లీ పంపు. ఫారంలో ఆ నిర్ణయం ఎవరిది అనే చోట నా పేరు చెప్తాను. పండుగకు రమ్మని నిన్ను అడిగే ముఖం నాకు లేదు. నువ్వు రాకపోయినా మీ అమ్మకు సున్నం పూస్తాను. వస్తానంటే మాత్రం ఒక కార్డు ముక్క రాయి. కంబన్నకు చెప్పినాను. ఆటో తీసుకోని ఎర్రగుంట్ల బస్టాండుకు వస్తాడు. వీధి మొదట్లో నేను నిలబడి ఉంటాను, ఈసారి ఆటోను తిప్పి పంపను.

నీ తండ్రి
లేవి