బ్రిడ్జి మీద ఆగనిది

సెప్టెంబర్ 21, 2009

హాఫ్ మారథాన్‌లో ఫస్ట్ వచ్చిన అమ్మాయికి హైదరాబాద్ స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు అని డ్రిల్ సార్ రాఘవేందర్ చెప్పాడు. ఒక్కటే సీటు. సెకండ్ వస్తే ప్లాస్టిక్ కప్పు. మా వనపర్తి కాలేజీలో పరుగెత్తే ఆడపిల్లలు కొందరున్నారు గానీ, వాళ్ళు పరుగెత్తరు, పరుగెత్తినట్టు కనిపిస్తారు. మిగిలింది నేనూ, సుప్రియా. ఇద్దరిదీ ఒకటే ఊరు, అమరచింత కింద, నది పక్కన. సుప్రియ నాకంటే బాగా పరుగెత్తుతుంది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

సెప్టెంబర్ 25

వాన. ప్రాక్టీస్ లేదు. ఆగస్టులో చుక్క పడలేదని మా ఊళ్ళో రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పారు. ఆ కప్ప ఇప్పుడెక్కడుందో వెతికి, ఇక చాలని చెప్పాలి.

సెప్టెంబర్ 29

దసరాకు వచ్చి ఇంకా ఇంట్లోనే ఉన్నాను. పరుగు పెబ్బేరు నుంచి ఎర్రవల్లి చౌరస్తా దాకా, మధ్యలో కృష్ణ బ్రిడ్జి అని అమ్మకు చెప్పడం నా తప్పు. కృష్ణమ్మ తల్లి నిండుగ పారుతున్నది, బ్రిడ్జి మీద ఆగి, రూపాయి ఇడిసి, మొక్కి పోవాలె బిడ్డా అంది. బస్సులో పోయేవాళ్ళు కిటికీలోంచి వేస్తారు, బస్సు ఆగుతుందా అన్నాను. బస్సుకు మెడల్ ఇస్తరా, నీకిస్తరు గద, నువ్వు ఆగాలె అంది. మా అమ్మ వెంకటమ్మతో వాదిస్తే ఇంతే.

సుప్రియకూ ఒక రూపాయి ఇచ్చింది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. వాళ్ళ నాన్న ఏసురత్నం ఇలాంటివి ఒప్పుకోడు. అయినా అది, సరే పెద్దమ్మా అని బుద్ధిగా తీసుకుని కర్చీఫులో ముడి వేసుకుంది. నాకు ఒళ్ళు మండింది.

అక్టోబర్ 1, తెల్లవారుజామున

కుండపోత. అయినా ఈరోజు పరుగు కాన్సిల్ చేయరట. రేపు గాంధీ జయంతి, సార్లందరూ దండలు వేయడంలో బిజీ.

అక్టోబర్ 1, సాయంత్రం

పెబ్బేరు దాటగానే ఎదురుగాలి. వాన ముఖం మీద గులకరాళ్ళు విసిరినట్టు పడింది. షూ నిండా నీళ్ళు. పక్కనే జీపు, లోపల సార్లు వేడి వేడి టీ తాగుతూ కమాన్ కమాన్ అంటున్నారు. సుప్రియ మొదటి నుంచీ నా ముందే ఉంది. దాని వీపు తప్ప నాకేమీ కనిపించలేదు. ఆ వీపు మీద పిడుగు పడితే బాగుండు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

బ్రిడ్జి మీద జనం. వరద చూడటానికి, కొబ్బరికాయలు కొట్టడానికి, చీరలు వదలడానికి వచ్చినవాళ్ళు. మా ఊరి ట్రాక్టర్ కూడా వచ్చింది. రెయిలింగ్ దగ్గర అమ్మ, నెత్తి మీద ఎరువుల సంచి కప్పుకొని, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెంతో. పక్కన మా ఊరి పెద్దమనిషి శంకరయ్య.

సుప్రియ ఆగింది. రెయిలింగ్ పట్టుకొని కిందికి వంగింది. నేనూ ఆగాలి. కాళ్ళు నా మాట వినలేదు అని రాయాలని ఉంది. అబద్ధం, విన్నాయి. మాలతీ, జర ఆగవే, మొక్కి పోవే అని అమ్మ అరిచింది. తల కూడా తిప్పలేదు. జేబులో రూపాయి తాళంచెవితో కలిసి చౌరస్తా దాకా మోగుతూనే ఉంది.

ఫస్ట్ వచ్చాను. సుప్రియ కుంటుతూ వచ్చి సెకండ్. వచ్చి చెయ్యి ఇచ్చింది. నేను దాని ముఖంలోకి చూడలేదు.

అక్టోబర్ 2

తొమ్మిదిన జాయినింగ్. సీటు నాది. సీటు నాది.

అక్టోబర్ 4

రెండో తారీఖు రాత్రే నది ఊళ్ళోకి వచ్చింది. మనుషులం మిగిలాం. వరి పోయింది, బర్రె పోయింది, వంటింటి గోడ పోయింది. అందరి కంటే ముందు సుప్రియ వాళ్ళ ఇల్లు పోయింది, వాళ్ళ వాడ పల్లంలో కదా. ఇప్పుడు అందరం అమరచింతలో ఒక బడిలో ఉన్నాం.

అక్టోబర్ 5

గీ పోరి మొక్కకుంట ఉరికింది, తల్లి ఇండ్లల్లకు ఎతుక్కుంట వచ్చింది అని భీమమ్మ అంది. మా పక్కింటి మనిషి, నన్ను ఎత్తుకొని పెంచింది. చర్చికి పోయే పిల్ల ఆగింది, మన పిల్ల ఆగలే అని శంకరయ్య అన్నాడు. ఆగినదాని ఇల్లే ముందు పోయింది కదా అన్నాను. వాళ్ళ ఇండ్లు ఎప్పుడూ పోతయి, గదేం లెక్క అన్నారు. సుప్రియ అక్కడే కూర్చొని గోళ్ళు కొరుక్కుంటోంది.

అక్టోబర్ 6

తల్లిని కాదని గెల్చిన సీటు, ఇడ్వాలె అని శంకరయ్య తీర్పు. అన్నం వరుసలో అమ్మ కూర్చోగానే రెండు పక్కలా ఆడవాళ్ళు లేచిపోయారు. అమ్మ విస్తరి ముందు పెట్టుకుని కూర్చుంది. తినలేదు.

అక్టోబర్ 7

అమ్మ నాకు తెలియకుండా వనపర్తి పోయి, నా బిడ్డ పోదు సారూ అని చెప్పి వచ్చింది. సార్ నన్ను ఒక్కమాట అడగలేదు. సీటు సుప్రియకు.

ఈ పూట భీమమ్మే పిలిచి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడుస్తూనే అమ్మ కడుపునిండా తిన్నది. అమ్మను అసహ్యించుకుందామని చూశాను. చేతకాలేదు.

అక్టోబర్ 9

వనపర్తి బస్టాండ్. ఎందుకు పోయానో తెలియదు. హైదరాబాద్ బస్సు కిటికీలోంచి సుప్రియ నా చేతిలో ఏదో పెట్టింది. కర్చీఫు. ముడి వేసింది వేసినట్టే ఉంది, లోపల రూపాయి. పిక్క పట్టేసిందే, గందుకే ఆగిన, మొక్కనూ లేదు ఏం లేదు అంది. మరి బడిలో అందరి ముందు నోరు మూసుకున్నావేమే అన్నాను. చెప్తే నన్ను పంపుతరా అంది. బస్సు కదిలింది.

నేనైనా చెప్పేదాన్ని కాదు.

నవంబర్ 1

బ్రిడ్జి మీద పరుగెత్తాను. అటు, మళ్ళీ ఇటు. నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి. ఆగలేదు. జేబులో రెండు రూపాయి బిళ్ళలు.