కట్ట మీద కారవాన్

స్నేక్, ఏప్రిల్ 16

ఫ్రౌక్యెకు నీ డౌవె రాస్తున్నది. ఇక్కడ నేనూ పిల్లీ బాగానే ఉన్నాం. ఆసుపత్రిలో నీ కుడిచెయ్యి కాస్త పైకి లేస్తోందని చదివి నా ప్రాణం లేచివచ్చింది. అక్షరాలు వంకరపోయాయని సిగ్గుపడ్డావు. పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరాలు మరిచిపోయావా?

మాత్రలు వేసుకుంటున్నానా అని అడిగావు, వేసుకుంటున్నాను. రోజూ బఠాణీ సూపేనా అన్నావు. రోజూ కాదు, రోజు విడిచి రోజు. ఇంట్లో మాట్లాడే దిక్కు లేక రేడియోతో పోట్లాడుతున్నాను.

ఇక మన చక్రాల ఇల్లు, అదే కారవాన్ సంగతి. పదిహేనో తేదీలోగా తెచ్చి పెట్టకపోతే టెక్సెల్ ద్వీపం విడిదిలో కారవాన్ నిలుపుకునే మన చోటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని అక్కడివాళ్ళు రాశారు. ఇరవై రెండు వేసవులు గడిపిన చోటు. నువ్వు కోలుకునేసరికి అది మనకు ఉండాలని, శుక్రవారం నేనొక్కణ్ణే దాన్ని కారుకు తగిలించుకుని బయలుదేరాను. నువ్వు ఏటా పెట్టించే ఇంటి బంగాళాదుంపలు రెండు బస్తాలు, నీళ్ళ డబ్బాలు, గుడారం అన్నీ సర్దాను.

సముద్రం మీది పెద్ద కట్ట ఎక్కాక ఒక లారీ పక్కనుంచి దాటిపోయింది. అంతే, వెనక కారవాన్ ఊగడం మొదలుపెట్టింది. చూస్తుండగానే కారును కూడా పట్టి కుదిపేసింది. బ్రేకు తొక్కబోయాను. పక్కన నువ్వుంటే "స్టీరింగు తిప్పకు! బ్రేకు తొక్కకు! కాలు తియ్యి!" అని అరిచేదానివి. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు మీంచి కాలు తీశాను. మెల్లగా సర్దుకుంది. ఆగే చోట దిగి కారవాన్ తలుపు తెరిచాను.

వెనకే వస్తున్న ఒకావిడ తన కారవాన్ కూడా ఆపి వచ్చి, మనదాంట్లోకి తొంగిచూసింది.

"ఇదేం సర్దుడు బాబాయ్? బరువంతా తోకలో పెట్టావు! ఊగక ఏం చేస్తది? ఇరుసు మీద కదా పెట్టాల్సింది!"

"తెలుసమ్మా."

"తెలిసే చేశావా? భలేవాడివే!"

గాలి ఎక్కువై ఊగిందని నీకు రాద్దామనుకున్నాను ఫ్రౌక్యె. గాలి కాదు. ఇరుసు ఉండేది నీ పడక కిందే, ఆ పడక ఎత్తితేనే అక్కడ బస్తాలకు చోటు దొరుకుతుంది. నిరుడు నువ్వు పరిచిన దుప్పటి అలాగే ఉంది. దాన్ని మడవడానికి చెయ్యి రాలేదు. ఆవిడ సాయం చేస్తానంది కానీ వద్దన్నాను. బస్తాలు కారు వెనక సీట్లోకి మార్చుకున్నా, నువ్వు లేకుండా ముందుకు పోవడానికి మనసొప్పక, దొరికిన మలుపులో వెనక్కి తిరిగి, మెల్లగా ఇంటికి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళలేదు. నిన్నటితో గడువు అయిపోయింది. మన చోటు పోయింది, పోగొట్టింది నేనే. ఎంత తిడతావో తిట్టు. తిట్టేవాళ్ళు లేకే నాకు ఏమీ తోచడం లేదు.

కారవాన్ పెరట్లోనే ఉంది. రోజూ మధ్యాహ్నం అందులోకి వెళ్ళి నీ పడకకు ఎదురుగా కాసేపు కూర్చుంటున్నాను. డాక్టరు నాతో ఏదీ తేల్చి చెప్పడం లేదు. నువ్వే చెప్పు. మళ్ళీ అందులో పడుకుంటానంటే దుప్పటి జోలికి పోను. లేదంటావా, మడవడానికి ఎవరినైనా పిలుస్తాను. నా వల్ల మాత్రం కాదు.

ఇట్లు,
నీ మాట కోసం చూసే నీ మొగుడు,
డౌవె