రెండో బండ మీద ముప్పై రెండు పాళ్లు

చిరంజీవి పిడుగుకి,

అమ్మ దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నా నేనూ క్షేమం. నువ్వు అక్కడ క్షేమంగా లేవని నీ ఉత్తరమే చెబుతోంది కాబట్టి ఆ ప్రశ్న అడగను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ నాన్న కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పిన రోజు నన్ను ఎగాదిగా చూసి, "నీకు ఇంత జుట్టు ఎప్పుడు నెరిసింది?" అన్నారు. "మీరు చూడనప్పుడు" అన్నాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లో దర్జాగా తిరుగుతున్నారు. ముప్పై ఏళ్లు కోర్టులో టైపు కొట్టిన మనిషి కదా, చేతికి ఏ కాగితం దొరికినా ముందు తప్పులే వెతుకుతున్నారు. ఇక నా మోకాలంటావా, మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు సాధిస్తుంది. ల్యాబును మూడో అంతస్తు నుంచి కిందికి దింపమని అడిగితే, ఉప్పునీటి తొట్లు కదపడం కుదరదన్నారు. వాటికున్న విలువ నాకెక్కడిది.

మూడో సంగతి నీ పరిశోధన చూసే గైడుది. "మీ అమ్మగారికి ఆల్చిప్పలు నూటికి నాలుగు పాళ్లు వచ్చిన చోట నీకు ముప్పై రెండు ఎలా వస్తుంది? నీకు లెక్కపెట్టడం రాదు" అన్నాడని రాశావు. ఈ ఏడాది లెక్కంతా మళ్లీ చెయ్యి, లేదా మానుకో అన్నాడట.

నా ప్రయోగం నీకు కంఠతా వచ్చు. అయినా ఇవాళ నా నోటితో మళ్లీ చెప్పాలి. ఆటు వేళ నీళ్లు వెనక్కిపోతే బయటపడే రెండు బండలు, పక్కపక్కనే. మొదటి బండ మీది నక్షత్ర చేపల్ని పదిహేను రోజులకోసారి ఏరి తీసేశాను. రెండోదాన్ని ఉన్నదున్నట్టు వదిలేశాను. ఆల్చిప్పల్ని తినే వేటగాడు ఆ నక్షత్ర చేపే కాబట్టి, అది లేని బండను ఆల్చిప్పలు రెండేళ్లలో ఆక్రమించేశాయి. నత్తలకూ పాచికీ నిలవడానికి చోటు లేకుండా పోయింది. రెండో బండ మీద మాత్రం ఆల్చిప్పలు నూటికి నాలుగు పాళ్లే, మిగతా చోటంతా పదిహేడు రకాల ప్రాణులు. ఒక్క వేటగాడు ఉండబట్టే అందరికీ చోటు దొరుకుతోందని రాశాను. నాకు ఉద్యోగమూ పేరూ ఆ వ్యాసంతోనే వచ్చాయి. నీ ఏడో తరగతి పుస్తకంలో ఆ రెండు బండల బొమ్మ చూసి, లేచి నిలబడి "ఇవి మా అమ్మవి" అన్నావని మీ టీచరు చెబితే పొంగిపోయాను.

ఇప్పుడు వేరే తీరాన నువ్వూ అదే ప్రయోగం చేస్తున్నావు. నీ మొదటి బండ అచ్చం నాదానిలాగే ఉంది. పేచీ అంతా రెండోదానితోనే. ఎందుకిలా వస్తోందని ఈ నాలుగు నెలల్లో మూడుసార్లు రాశావు, మూడుసార్లూ జవాబిచ్చాను. మొదటిసారి మళ్లీ లెక్కపెట్టు అన్నాను. రెండోసారి లెక్క కోసం బండ మీద పరిచే చట్రం సరిగ్గా వేస్తున్నావా అన్నాను. మూడోసారి సిగ్గు లేకుండా, నీకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ, నిదానంగా చూడు అని రాశాను.

మొన్న నీ నాలుగో ఉత్తరం వచ్చింది. చివర్న ఇరికించి రాసిన రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. "రెండో బండ మీద ఆల్చిప్పల్ని కాస్త గీకేస్తే గొడవ వదిలిపోతుందేమో అమ్మా, ఎవరు చూస్తారు. గీకే కత్తి సంచిలోనే ఉంది." నవ్వులాటకే అని ఉంటావు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నీ లెక్క తప్పు కాదే. తప్పు నాది.

ఏరిన నక్షత్ర చేపల్ని బకెట్లో వేసుకుని రేవు అవతలి మలుపు దాకా మోసుకెళ్లి వదలాలి. నాలుగు వందల అడుగులు, అన్నీ జారుడు రాళ్లు. మొదటి ఏడు అలాగే చేశాను. రెండో ఏడు జారిపడి మోకాలు పగలగొట్టుకున్నాను. తోడు ఎవరూ లేరు, వెనక నుంచి పోటు తరుముకొస్తుంటే బకెట్ ఎత్తలేక, ఉన్నచోటి నుంచే రెండు బండల మధ్య సందులోకి విసిరేశాను. అలలే ఎటో లాక్కుపోతాయిలే అనుకున్నాను. అవి ఎటూ పోలేదు, పాక్కుంటూ పక్క బండ ఎక్కాయి.

తెలియక చేశానని చెప్పుకోవచ్చు, కానీ అది ఒక్క నెల దాకే నిజం. వాటిలో ఒకదానికి ఒక చెయ్యి సగానికి తెగి ఉండేది. దాన్ని మొదటి బండ మీంచి తీసి విసిరింది నాకు బాగా గుర్తు. పదిహేను రోజుల తర్వాత అదే రెండో బండ మీద ఆల్చిప్పను పట్టుకుని తింటూ కనబడింది. ముట్టుకోలేదని నేను చెప్పుకుంటున్న బండకు వేటగాళ్లను మోసింది నేనేనని అప్పుడే అర్థమైంది. అలా అదనంగా చేరినవి తినబట్టే అక్కడ ఆల్చిప్పలు నాలుగు పాళ్లకు పడిపోయాయి. అయినా ఆ రోజు లెక్క రాసి నోటుబుక్కు మూసేశాను. ఆ తర్వాత కూడా విసిరాను. అంకెలు అంత అందంగా వస్తుంటే మోకాలి నొప్పి ఇంకాస్త ఎక్కువగా ఉన్నట్టు అనిపించేది. వ్యాసంలో "తీసినవాటిని దూరంగా వదిలాను" అని రాశాను.

వేటగాడి మాట అబద్ధం కాదు. నీ మొదటి బండ మీద తొంభై పాళ్లు, రెండోదాని మీద ముప్పై రెండు, అదీ అదే చెబుతోంది. కాకపోతే దాని ప్రభావం నేను చెప్పినంత కాదు.

నిన్న మీ నాన్నకు చెప్పాను. కంట్లో చుక్కల మందు వేసినప్పుడు చెప్పాను, కళ్లు మూసుకుని ఉంటారు కదా అని.

"ఆ వ్యాసం టైపు కొట్టింది నేనే కదా" అన్నారు కళ్లు తెరవకుండానే.

"అవును."

"దూరంగా అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. ఎంత దూరమో రాయాలి కదా అనుకున్నాను. కోర్టు కాగితమైతే అడిగేవాణ్ణి."

"మరి నన్ను అడగలేదేం?"

"ఆ రోజు నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంట్లో మందు బుగ్గ మీదికి కారిపోతే మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఇవాళ పొద్దున, డాక్టరు వద్దన్నా వినకుండా, నేను చెబుతుంటే రెండు ఉత్తరాలు టైపు చేశారు. ఒకటి వ్యాసం వేసిన పత్రికకు, ఒకటి మీ గైడుకు. ఏ నెల నుంచి విసిరానో, ఎంత దూరం నుంచి విసిరానో అన్నీ పెట్టాను. రెండూ పోస్టు డబ్బాలో వేసేశాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. మా డైరెక్టరుకు రేపు చెబుతాను. ఏమంటాడో, గది ఖాళీ చెయ్యమంటాడో తెలియదు. భయంగా ఉంది పిడుగూ. ఈ వయసులో ఆ మెట్లు తల దించుకుని దిగాలంటే మొహం చెల్లడం లేదు.

స్కూలు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టనా అని అడిగావు. పిల్లలకు చెప్పడం ఇష్టమైతే పెట్టు. లెక్క రాదనుకుని మాత్రం పెట్టకు. కన్నతల్లీ గైడూ కలిసి తప్పంటున్నా, నాలుగు నెలలుగా ప్రతి ఆటుకీ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూసి, ముప్పై రెండే రాశావు. ఆ పని నా చేత కాలేదు.

నా మీద కోపం వస్తే రానీ, రావాలి కూడా. కొన్నాళ్లు ఉత్తరం రాయకపోయినా ఎందుకని అడగను. ఇది నీకు చేరేసరికి పౌర్ణమి ఆటు దగ్గర పడుతుంది. బండ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కత్తి గదిలోనే వదిలేసి వెళ్లు.

ఇట్లు,
నీ కళ్లను నువ్వే నమ్మకుండా చేసిన
అమ్మ