తేజ పూణే ప్రయాణం

మదీనాగూడ, హైదరాబాదు,
16 నవంబరు 2025, ఆదివారం.

పూజ్యురాలైన జయంతి అక్కయ్యకు,

చెల్లెలు రత్నమాల నమస్కరించి రాస్తున్నది. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ నేనూ తేజా క్షేమం అని రాయడం పద్ధతి గనక రాశాను. అందులో నిజమెంతో ఉత్తరం పూర్తయ్యాక నువ్వే తేల్చుకో. ఫోనులో నీకు సగం మాటలు వినపడవు, ఆ సగం కోసం నేను అరిస్తే పక్క ఫ్లాటు వాళ్లకు మొత్తం వినపడుతుంది. అందుకే కాగితం తీశాను.

వాణిజ్య పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని కదా, ఎవరు ఏం చెప్పినా వెనక ఇంకేదో ఉంటుందని చూడడం నాకు అలవాటు. నీ మరిదిగారు ఉన్నన్నాళ్లూ దానికి నవ్వేవారు. ఈ మూడు నెలల్లో నేను అనుమానించని మనిషి లేడంటే నమ్ము. మొదలుపెట్టింది నా కొడుకుతోనే.

తేజ ఎంత లావయ్యాడో మొన్న వేసవిలో పెళ్లిలో నువ్వే చూశావు. నూట నలభై కిలోలు దాటాడు. ముప్పై ఒకటో ఏటనే షుగరు, బీపీ. ఆగస్టులో ఒకరోజు సాయంత్రం రాయదుర్గంలోని ఆఫీసు నుంచి కారులో వస్తూ, కొత్తగూడ దగ్గర ముందున్న ఆటోను గుద్దాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఆటో ఆయన పేరు ఓదెలు. పోట్లాడాల్సింది పోయి, వీణ్ణి ఇంటిదాకా తీసుకొచ్చి దిగబెట్టాడు. "సారు తాగలేదమ్మా, స్టీరింగు మీదనే నిద్రవోయిండు. జర దవాఖానల చూపియ్యున్రి" అన్నాడు. నేను అడగకముందే తాగలేదని ఎందుకన్నాడు? వీడే అలా చెప్పించి ఉంటాడనుకున్నాను. ఆయన వెళ్లగానే తేజ చొక్కా వాసన చూశాను, మర్నాడు కారు ఇంటికి చేరాక డిక్కీ వెతికాను. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తూ, ముద్ద నోటి దగ్గరికి తెచ్చి, అలాగే నిద్రలోకి జారిపోయాడు. అప్పుడు భయం వేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే నిద్ర పరీక్ష రాశారు. ఒళ్లంతా వైర్లు పెట్టి పడుకోబెట్టారు. నిద్రలో వీడికి ఊపిరి మాటిమాటికీ ఆగిపోతున్నదట. పడుకున్నంతసేపూ మెదడు ఉలిక్కిపడి లేపుతూనే ఉంటుంది, అందుకే పగలు తూగుతాడని చెప్పారు. ముక్కుకు తగిలించుకునే గాలి మిషను ఇచ్చి, అది ఊతం మాత్రమేననీ, బరువు తగ్గితే తప్ప జబ్బు తగ్గదనీ అన్నారు. వారం వారం వేసుకునే ఇంజెక్షన్లు వీడు నిరుడే వాడాడు. వాడినన్నాళ్లూ తగ్గాడు, వాంతులు పడలేక మానేశాక తగ్గినదంతా తిరిగి వచ్చేసింది. బరువు తగ్గించే ఆపరేషన్ల డాక్టరును ఒకసారి కలవమన్నారు.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లోకి జ్యోత్స్న అనే అమ్మాయి వచ్చింది. తేజ ఆఫీసులోనే పనిచేస్తుంది, వాళ్లది శంకర్‌పల్లి వైపు పల్లె. ఒక ఆదివారం ఇంటికి వస్తే పెసరట్టు వేసి పెట్టాను. సగం అట్టును తునకలు తునకలుగా తుంచుకుని, ఒక్కొక్క తునకనూ నములుతూ కూర్చుంది. మంచినీళ్లు ఇస్తే, తినేటప్పుడు తాగకూడదు ఆంటీ అంది. నా వంట నచ్చలేదేమో, లేక మనింట్లో తినడం ఇష్టం లేదేమో అనుకున్నాను. వెళ్లబోయే ముందు చెప్పింది, తనకు రెండేళ్ల కిందట ఆ ఆపరేషనే అయిందని.

నాకు వెంటనే వెలిగింది. రోజూ ఫోన్లు, ఈ డాక్టరును కలువు, ఆ పరీక్ష చేయించుకో అని సలహాలు. ఆసుపత్రి వాళ్లు పెట్టుకున్న ఏజెంటు అయి ఉంటుందని, ముఖం మీదే అడిగేశాను, మనిషికి ఎంత ఇస్తారమ్మా అని. తేజ తల దించుకున్నాడు. ఆ పిల్ల మాత్రం కోపం తెచ్చుకోలేదు. "కమిషన్ కోసం ఎవరన్న కడుపు కోయించుకుంటరా ఆంటీ? నేనైతే చేయించుకోమని కూడ చెప్తలేను. పోయి అడిగి తెలుసుకోమంటున్న, గంతే" అంది. చేయించుకోమని చెప్పకుండా చేయించుకునేలా చేసేవాళ్లే గట్టి ఏజెంట్లు అని నేను నా మనసులో రాసుకున్నాను.

అందుకే ఆ పిల్ల చెప్పిన చోటికి కాకుండా, నేనే చూసి గచ్చిబౌలిలో ఒక క్లినిక్కుకు తీసుకెళ్లాను. అంతా అద్దాలే. లోపల నవ్వుతున్న అమ్మాయి వివరాలు చెప్పింది. కోత లేదట, నోట్లోంచి గొట్టం వేసి కడుపులో బెలూను పెడతారట, ఆరు నెలలకు తీసేస్తారట. శనివారంలోపు చేరితే రాయితీ. బెలూను తీసేశాక ఏమవుతుందని అడిగితే, అప్పటికి సార్‌కి మంచి అలవాట్లు వచ్చేస్తాయి మేడమ్ అని మళ్లీ నవ్వింది. గోడ మీద ముందు, తర్వాత అని ఒకాయన ఫోటోలు రెండున్నాయి. ముందు ఫోటోలో పుట్టుమచ్చ కుడి చెంప మీద, తర్వాత ఫోటోలో ఎడమ చెంప మీద. అదేమిటంటే ప్రింటింగులో తిరగబడింది అంది. మేము కూడా తిరుగుముఖం పట్టాం.

చివరికి జ్యోత్స్న చెప్పిన పెద్దాసుపత్రికే వెళ్లాం. డాక్టరు పేరు రవికిరణ్. ఈయన నవ్వలేదు, తొందరపెట్టలేదు. తొందర లేదనేవాళ్లు ఇంకా ప్రమాదం కదా, కళ్లు ఆయన మీదే పెట్టి కూర్చున్నాను. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఒక పద్ధతిలో కడుపులో చాలా భాగం కోసి తీసేసి, అరటికాయలాంటి సన్నని గొట్టం మాత్రం ఉంచుతారు. తీసేసింది మళ్లీ రాదు. రెండో దాంట్లో కడుపు పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, పేగును కిందనుంచి తెచ్చి దానికి కలుపుతారు, తిన్నది దగ్గరి దారిన పోతుంది. తేజకు ఛాతీలో మంట, పులితేన్పులు ఎక్కువ గనక మొదటిదానితో అవి ముదరవచ్చు, షుగరు కూడా ఉంది గనక రెండోదే నయమని ఆయన అభిప్రాయం. ఏది చేయించుకున్నా పథ్యం తప్పదు, రెండోదానికైతే విటమిన్ మాత్రలు జీవితాంతం మింగాలి, అశ్రద్ధ చేస్తే బరువు తిరిగి వస్తుంది అన్నాడు. ఆ తర్వాత డైటీషియన్ అమ్మాయి వచ్చి, ఇంట్లో వంట ఎవరు చేస్తారు అని అడిగింది. పోలీసు అడిగినట్టు అడిగింది అక్కయ్యా. నా చేతి ముద్దపప్పూ, గుత్తివంకాయా నేరాలైపోయాయి.

ప్రాణానికి ముప్పు ఉందా అని డాక్టరునే అడిగాను. "కుట్ల దగ్గర కారడం, రక్తం గడ్డకట్టడం లాంటివి ఉంటాయమ్మా. తక్కువే. కానీ అసలు లేదని చెప్పను. ఇలాగే వదిలేసినా ముప్పే. నిర్ణయం మాత్రం తేజగారిది" అన్నాడు. కన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నిర్ణయం వాడిదంటాడు చూడు! చెడ్డది దాచకుండా చెప్పాడంటే అంతకన్నా చెడ్డది వెనక దాచాడనిపించింది. ఇంటికి రాగానే తేజ చెయ్యి నా నెత్తిన పెట్టించుకుని, ఆ ఆపరేషను జోలికి పోనని ఒట్టు వేయించుకున్నాను. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "సరేనమ్మా, నీ ఇష్టం" అన్నాడు.

అంత సులువుగా ఒప్పుకున్నందుకు నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. కానీ వాడు మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. ఆఫీసులో ఏదో ఆరోగ్యం పందెం పెట్టారని చెప్పి అన్నం మానేశాడు, డబ్బాలోని పొడి కలుపుకుని తాగేవాడు. ఈ నెల మొదట్లో ఆఫీసు పనిమీద పూణే వెళ్లి నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు. అక్కడి నీళ్లు పడలేదట, కడుపు పాడైంది. నీరసంగా ఉన్నాడు, మెల్లగా నడుస్తున్నాడు, చారునీళ్లు, మజ్జిగ తేట తప్ప ఏమీ వద్దంటున్నాడు. పూణే నీళ్లు అలాంటివే, తగ్గిపోతుందిలే. బావగారు కంగారుపడి వాడికి ఫోను చెయ్యొద్దు. ఇంటి నుంచే పని చేసుకుంటున్నాడు, విశ్రాంతి కావాలి.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చెవి మిషను మార్పించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి? చలి మొదలైంది, తెల్లవారుజామున తలారా స్నానాలు చెయ్యకు. బావగారి దగ్గు తగ్గిందో లేదో రాయి.

ఎంత అనుమానపు మనిషినైనా నీ మాట దగ్గర మాత్రం అనుమానపడని

నీ చెల్లెలు
రత్నమాల

తా.క.: ఈ కాగితం విడిగా మడిచి పెడుతున్నాను, నువ్వొక్కదానివే చదువు. నా ఉత్తరాలు బావగారే పైకి చదువుతారు, చదివిన మరునిమిషం తేజకు ఫోను చేసి చెబుతారు. అందుకని వాడి చెవిన పడాల్సింది ఆ కాగితాల్లో రాశాను. జరిగింది ఇందులో రాస్తున్నాను.

వాడు పూణే వెళ్లలేదు అక్కయ్యా. ఆపరేషను చేయించుకున్నాడు.

అన్నం మానేసిన రోజునే నాకు తెలుసు. ఆపరేషనుకు ముందు రెండు వారాలు అన్నం ఆపి ఆ పొడి తాగాలనీ, అప్పుడు కాలేయం కాస్త చిన్నదై డాక్టరు చేతికి చోటు దొరుకుతుందనీ ఆ డైటీషియన్ పిల్ల నా ఎదురుగానే చెప్పింది. ఆఫీసు పందెమట! ఆ సాయంత్రమే నిలదీసి ఒట్టు గుర్తుచేద్దామని వాడి గదిలోకి వెళ్లాను. కుర్చీలో నిద్రపోతున్నాడు, మిషను పెట్టుకోలేదు. గురక పెడుతూ పెడుతూ ఆగిపోయాడు. గదిలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. వాళ్ల నాన్నగారి గురక అలా ఆగినప్పుడల్లా, అమ్మయ్య, ఇప్పటికి మంచి నిద్ర పట్టింది అనుకుని నేను అటు తిరిగి పడుకునేదాన్ని. ఆయన నిద్రలోనే పోయారని, పుణ్యాత్ముడికి సుఖమైన చావని నువ్వూ నేనూ ఎంతమందికి చెప్పాం! తేజ ఒక్కసారి ఎగశ్వాస తీసి కదిలాడు. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఒట్టు మాట ఎత్తలేదు.

పూణేకని బయల్దేరిన మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లాను. మాస్కు పెట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని కింద హాల్లో కూర్చున్నాను. పక్కన బుచ్చమ్మ అని ఒకావిడ, భర్త బాలనర్సయ్యకు పిత్తాశయంలో రాళ్లు తీస్తున్నారట. "ఎవలకయితుంది అక్కా?" అని అడిగింది. నా కొడుక్కి అని బయటికి అన్నాను చూడు, అప్పుడు ఏడుపు వచ్చింది. "ఏంది గిట్ల పరేషానయితవ్? పెద్ద డాక్టర్లున్నరు. జర చాయ్ తాగు" అని తన గ్లాసే నా చేతికిచ్చింది. తాగాను.

చాలాసేపటికి నర్సు వచ్చి, తేజగారి తాలూకు ఎవరండీ అని పిలిచింది. లేవబోయాను. నాకన్నా ముందు ఆ చివర్నుంచి జ్యోత్స్న లేచి పరుగెత్తింది. వెనక్కి వస్తూ నన్ను చూసింది. కొంగూ మాస్కూ ఏవీ దాన్ని ఆపలేదు. నేరుగా వచ్చి నా పక్కన కూర్చుంది. "మంచిగనే అయింది ఆంటీ. తెలివికొచ్చిండు, మాట్లాడుతున్నడు" అంది. కొంగు తల మీంచి తీసేశాను. తనే మళ్లీ, "నా కోసమని చేయించుకోకు, గట్లయితే నేను నీతోని మాట్లాడ అని మస్తు కొట్లాడిన ఆంటీ. నాకు బతకాలని ఉంది జ్యోత్స్నా అన్నడు. ఇగ నేనేమంట?" అంది. నేనొచ్చానని వాడికి చెప్పొద్దన్నాను. ఎందుకని అడగలేదు, తలూపింది. అద్దం తలుపు దగ్గరికి తీసుకెళ్లి దూరం నుంచి చూపించింది. నిద్రపోతున్నాడు. ఛాతీ లేవడం, దిగడం చూసుకుని ఇంటికి వచ్చేశాను.

ఒట్టు తప్పాడు గనక నాకేమవుతుందోనని వాడు బెంగపడుతున్నాడు. నేను కాస్త దగ్గితే చాలు, పనాపేసి గదిలోంచి వచ్చి చూసి వెళుతున్నాడు. ధైర్యం వచ్చిన రోజున వాడే చెబుతాడని ఊరుకున్నాను. చెప్పినప్పుడు ఎలా ఆశ్చర్యపోవాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

కానీ అక్కయ్యా, ఆ డైటీషియన్ పిల్ల చెప్పిన లెక్కన ఇవాళ్టితో తేటలు మాని, మెత్తగా మెదిపిన పెసరపప్పు మొదలుపెట్టాలి. పొద్దున వాడు అడగకుండానే, ఉప్పు తగ్గించి, జావలా చేసి, చిన్న గిన్నెలో చిన్న చెంచా వేసి ముందు పెట్టాను. చెంచా చెంచాగా తిన్నాడు. పూణే నీళ్లు పడనివాడికి ఏ రోజు ఏం పెట్టాలో అమ్మకెలా తెలిసిందని ఒక్క ముక్క అడగలేదు.

అదే నాకు అనుమానంగా ఉంది.