ముగ్గులోకి వచ్చిన తేనెటీగ

ధనుర్మాసం, మంగళవారం రాత్రి. మైలాపూరు.

మేడ మీది గుమ్మడిపాదుకు ఇవాళ ఆడపువ్వు విచ్చింది. ఇంతకుముందు వచ్చిన పిందెలన్నీ పసుపుబారి రాలిపోయాయి. పక్క ఖాళీ స్థలంలో తుమ్మిపూల మొక్కలు ఉన్నన్నాళ్లూ తేనెటీగలు మా అయిదో అంతస్తు దాకా వచ్చేవి. అక్కడ అపార్ట్‌మెంట్ లేచాక ఒక్కటీ రావడం లేదు. అందుకే నేనే మగపువ్వు తెంపి పుప్పొడి అద్దుదామని పొద్దున్నే పైకి వెళ్లాను. ఒక్క మగపువ్వూ లేదు.

కిందికి దిగితే అత్తయ్య వాకిట్లో ముగ్గు వేసి, పేడముద్దల్లో ఆ పూలే గుచ్చుతోంది.

“అన్నీ కోసేశారా అత్తయ్యా?”

“కాయ కాసే పువ్వును నేను ముట్టలేదు కదమ్మా! ఈ ఉత్త పూలు ఆడుంటే ఏమి, ఈడుంటే ఏమి?”

ఒకటి తీసుకోబోతే, ముగ్గులో పెట్టిన పువ్వు తీయకూడదని నా చెయ్యి పట్టుకుంది. కోపం వచ్చింది.

అప్పుడే ఆ పువ్వులోకి ఓ తేనెటీగ దూరింది. ఎన్నాళ్లకు చూశానో! ఒళ్లంతా పుప్పొడి పూసుకుని బయటికి వచ్చింది. పైకి పోతుందేమోనని తలెత్తి చూస్తూ నిలబడ్డాను. అది వెళ్లి ఎదురింటి ముగ్గులోని పువ్వు మీద వాలింది. అక్కడా మగపువ్వే. పాపం, అంత పుప్పొడీ మోసుకుని ఎక్కడికి పోతుందో…

పైన మా ఆడపువ్వు పదింటికల్లా ముడుచుకుపోయింది.

రేపటికి ఇంకో ఆడమొగ్గ ఉంది. దాని పక్కనున్న మగమొగ్గను, అత్తయ్య కంటపడకుండా, పెద్ద ఆకు కింద దాచి వచ్చాను.